ఎర్ర వేలిముద్రలు

రక్స్మీ మిషను మీద తల వాల్చినప్పుడు మా లైన్లో ఇరవై ఎనిమిది మందిమి జీన్స్ కుడుతున్నాం. ఆమెకు ఏడో నెల. పైన రేకులు, ఏప్రిల్ ఎండ. "ఎవరూ లేవకండి, పని ఆపకండి," అంది సూపర్‌వైజర్ సొఫోన్. ఎవరో ఒకరు లేస్తారులే అని నేను చూశాను. అందరూ అలాగే చూశారు. చివరికి వెనక మిషను చాంథూ అక్క లేచి నీళ్ళు తెచ్చేసరికి రక్స్మీ ప్రాణం పోయింది.

మర్నాడు మా సాక్ష్యమంటూ కంపెనీ కాగితం ఒకటి వచ్చింది. రక్స్మీకి ముందే గుండెజబ్బట, కంపెనీ తప్పేమీ లేదట. ఎర్రసిరా పెట్టె చేతులు మారుతూ వచ్చింది. నా వంతుకి పంతొమ్మిది వేలిముద్రలు పడి ఉన్నాయి. ఇరవయ్యోది నాదైతే ఏమవుతుందిలే అనుకుని నొక్కాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. చాంథూ అక్క మాత్రం నొక్కలేదు.

ఆదివారం ఆమె గదిలో చేరాం.

"నీకేం అక్కా, ఒంటిదానివి. మా మీద బతికేవాళ్ళున్నారు," అన్నాను.

"రక్స్మీ మీద వాళ్ళమ్మ లేదా?"

"పైవాళ్ళు నొక్కమన్నారు, నొక్కాం. పాపం వాళ్ళది," అంది పక్క మిషను మొమ్.

"వాళ్ళ పాపం వాళ్ళకుంది. వేలెవరిదే?"

ఆ కాగితం అబద్ధమని లేబర్ ఆఫీసులో చెబుదామంది అక్క. సగం మంది జారుకున్నారు. వాళ్ళలో ఎవరో ఈ మాట కంపెనీకి చేరవేశారు.

సోమవారం గేటు దగ్గర పోలీసు లారీ ఆగి ఉంది. రెండో కాగితం వచ్చింది: చాంథూ మిషన్లు పగలగొట్టమని మమ్మల్ని రెచ్చగొట్టిందట. సొఫోన్ సిరా పెట్టె మొదట నా ముందే పెట్టింది. ఈసారి దాక్కోడానికి నాకు ముందు ఎవరూ లేరు.

"నొక్కను. ఆమె అలా అనలేదు."

"నొక్కవే తల్లీ," అంది సొఫోన్, గొంతు తగ్గించి. "లేకపోతే నన్ను తీసేస్తారు."

"నాకు తెలుసు," అన్నాను. చేతులు ఒళ్ళో దాచుకున్నాను.

పెట్టె ముందుకు పోయింది. మొమ్ ఏడుస్తూ నొక్కింది. పదహారు మంది నొక్కారు, పదిమందిమి నొక్కలేదు. కంపెనీకి ఆ పదహారు చాలు. చాంథూ అక్కతోపాటు, ఆమె జట్టేనని మమ్మల్నీ లారీ ఎక్కించారు. రక్స్మీ తల్లికి న్యాయం జరగలేదు. జరుగుతుందని నేను మీకు చెప్పను.

లారీలో అక్క మా మొహాలు ఒక్కొక్కటే చూసింది.

"పదిమందేనటే?"

"పదిమందే అక్కా."

"మొన్న నేనొక్కదాన్నే," అని, నాకు కూర్చోడానికి చోటిచ్చింది.