ఆదెయ్య వీపు మీది టిక్కీ

ఏరవే ఏరవే ఎర్రకాయ
ఎవరి ఒళ్ళో రాలెనో ఎర్రకాయ...

తర్వాత ఇంకో చరణం ఉండాలి. అందులో వదిన వస్తుంది, గాజులు వస్తాయి. చిన్నప్పుడు మిరప కల్లంలో తాలుకాయలు ఏరేటప్పుడు పాడేవాళ్ళం. ఇప్పుడు ఆ రెండు ముక్కలే మిగిలాయి.

మా తమ్ముడు ఆదెయ్య గుంటూరు మిర్చి యార్డులో కాటా మనిషి. ప్రత్తిపాడులో ఆరున్నర బస్సు ఎక్కేవాడు. ఎక్కే ముందు బసవమ్మ హోటల్లో నాలుగు పూరీలు తినేవాడు. యార్డుకెళ్ళి సాయంత్రం దాకా కుర్చీలో కూర్చుని పక్కవాళ్ళ బస్తాలు తూచేవాడు. వాడు తూగేది మాత్రం నూట ఎనిమిది కిలోలు. మా నాన్న నలభై ఎనిమిదో ఏట అన్నం కంచం ముందే గుండె పట్టుకుని ఒరిగాడు. పెద్దన్నయ్య కూడా సరిగ్గా ఆ వయసుకే పోయాడు. ఆదెయ్యకి నలభై ఏడు రాగానే వాణ్ణి డాక్టరు శాంతిగారి దగ్గరికి లాక్కెళ్ళాను.

"ఆదెయ్యగారూ, ఉండాల్సినదానికన్నా నలభై కిలోలు ఎక్కువున్నారు," అంది ఆవిడ. "మీ యార్డు లెక్కలో ఒక టిక్కీ, ఒక మిర్చి బస్తా. నిండు టిక్కీ మోసుకుంటూ తిరుగుతున్నారన్నమాట."

మేము మెట్లు దిగేసరికి వాడి వీపు మీద టిక్కీ ఉంది. మామూలు గోనె బస్తా. మూతి పురికొసతో కుట్టి ఉంది, లోపల కాయలు గలగలమంటున్నాయి. మర్నాడు బస్సులో కండక్టరు మాబు చూసి, "అన్నా, లగేజీ పైన వెయ్యి, జనానికి అడ్డం," అన్నాడు. యార్డులో హమాలీలు, "ఏ కొట్టు సరుకన్నా ఇది? ఇంకా దించలేదేంటి?" అని నవ్వారు. వాడు మాత్రం ఆ రోజు నించీ పక్కకి తిరిగే పడుకునేవాడు.

కాటా మనిషికి కాటా మనిషి తెలివే ఉంటుంది కదా. ఓ మధ్యాహ్నం కల్లానికి వెళితే, పట్టా మీద ఆరబోసిన కాయల మధ్య వెల్లకిలా పడుకుని ఉన్నాడు. టిక్కీని దిండు చేసుకున్నాడు.

"ఒరేయ్, ఏం పనిరా ఇది?"

"తేమ తీస్తున్నానక్కా. ఎండితే బస్తాకి మూడు కిలోలు తగ్గుద్ది. కాసేపాగి నన్ను తిరగెయ్యి."

పొద్దుటి నించీ మంచినీళ్ళు కూడా ముట్టలేదట. సాయంత్రం కాటా ఎక్కితే నిజంగానే రెండు కిలోలు తగ్గాడు. ఇంటికొచ్చి చెంబెడు మజ్జిగా, బిందెడు నీళ్ళూ తాగేసరికి ఆ రెండూ వెనక్కొచ్చాయి. బస్తా కుట్టు ఒక్క పోగన్నా వదల్లేదు.

విని డాక్టరమ్మ తల పట్టుకుంది. "ఎండబెట్టడానికి మీరు కాయా? తినండి, నీళ్ళు తాగండి. కంచంలో సగం కూరా ఆకుకూరా, ఓ పక్క పప్పు, ఓ పక్క గుప్పెడన్నమో జొన్నరొట్టో. పొద్దున్నే ముప్పావు గంట నడవండి. తిన్నదల్లా ఎవరైనా రాసిపెట్టండి."

ఆ రాసే పని నాకు పడింది. మా మరదలు నాగజ్యోతికి ఇంటి పనే సరిపోయేది. నాకు యాభై రెండో ఏట అక్షరాలు వచ్చాయి, ఒత్తులు ఇప్పటికీ నన్ను ఏడిపిస్తాయి. అయినా ఓ పుస్తకంలో రాశాను. ఒక రొట్టె. బీరకాయ కూర. మజ్జిగ గ్లాసుడు. వాడు యార్డులో దొంగతనంగా బజ్జీలు తిన్న రోజున చెప్పేవాడు కాదు. చెప్పక్కర్లేదు కూడా. ఇంటికొచ్చేసరికి బస్తా బిర్రుగా ఉబ్బి కనపడేది. "ఎన్ని?" అనేదాన్ని. "మూడక్కా," అని తల దించుకునేవాడు. అదీ రాసేదాన్ని.

పొద్దున్నే కాలవ కట్ట మీద వాడు నడుస్తుంటే వెనకాల నేను నడిచేదాన్ని. తొమ్మిదో రోజున మైలురాయి దగ్గర బస్తా మూల నించి ఒక కాయ రాలింది. తీసి వాసన చూశాను. తుమ్మొచ్చింది. ఒంట్లోది కాయ ఎట్లా అయిందో, అయితే అంత ఎరుపు ఎక్కడిదో నాకు తెలీదు. గింజలు పగిలిన కుండలో పాతిపెట్టాను. మొక్కొచ్చింది, తెల్లటి పూత వేసింది. అన్ని మిరపమొక్కల్లాంటిదే.

ఆ తర్వాత రోజూ నాలుగో అయిదో రాలేవి, చెంగులో వేసుకునేదాన్ని. ఏదన్నా అడ్డమైన గడ్డి తిన్నాడా, రెండు రోజులు ఒక్కటీ రాలేది కాదు. అయినా వాడు నడక మానలేదు. చలికాలం వచ్చేసరికి బస్తా సగానికి పైగా వదులైంది. వాడికి నలభై ఎనిమిది వచ్చాయి.

ఆ పొద్దున నాకు జ్వరం, వాడికి యార్డు సెలవు. వాడొక్కడే వెళ్ళాడు. బయట చేయి చాపితే చెయ్యి కనపడనంత మంచు. ఎనిమిదైనా వాడు తిరిగి రాలేదు. దుప్పటి కప్పుకునే బయలుదేరాను. కట్ట మీద మైలురాయి దాకా చూశాను, ఒక్క కాయ కూడా లేదు. వెనక్కి తిరిగి సెంటరు దారి పట్టాను. అక్కడ కనపడింది ఒకటి, పది అడుగుల అవతల ఇంకొకటి. వంగి ఏరుకుంటూ వెళ్ళాను. అవి బసవమ్మ హోటలుకి తీసుకెళ్ళాయి.

హోటలు ముందు బల్ల దగ్గర పదకొండు కాయలు ఒక్కచోటే పడున్నాయి. అంతసేపు నిలబడ్డాడన్నమాట.

"మీ తమ్ముడా పిన్నీ? పూరీలు పొంగుతుంటే చూస్తా నిలబడ్డాడు," అంది బసవమ్మ. "నేను పిండి తేవడానికి లోపలికెళ్ళొచ్చేసరికి మనిషి లేడు."

తిన్నాడా అని నేను అడగలేదు. బల్ల దాటాక కూడా కాయలున్నాయి. తింటే రాలవుగా.

ఆ కాయలు రోడ్డు దిగి, పత్తిచేలో అడ్డదారిన మా ఇంటివైపు మళ్ళాయి. గట్టుకి చేరగిలబడి ఆదెయ్య ఉన్నాడు. చెయ్యి రొమ్ము మీద ఉంది, అంత చలిలోనూ చొక్కా చెమటకి తడిసిపోయింది. నేను పెట్టిన కేకకి రోడ్డు మీద వెళ్తున్న అనిల్ కుమార్ ఆటో ఆపి పరిగెత్తుకొచ్చాడు.

గుంటూరు ఆసుపత్రిలో, ఇంకో అరగంట ఆగితే చేసేదేమీ ఉండేది కాదన్నారు. ఇప్పుడు వాడికి యాభై నాలుగు దాటాయి. వీపు మీద ఖాళీ గోనె ఒక్కటి మిగిలింది, తువ్వాల్లాగా భుజాన వేసుకుని నడకకి పోతాడు.

ఆ రోజు ఆసుపత్రిలో బస్తా అడ్డం రాకుండా వాణ్ణి పక్కకి తిప్పి చక్రాల బల్ల మీద పడుకోబెట్టి, లోపలికి తోసుకెళ్తున్నారు. నా ఒళ్ళో కాయలు చూశాడు. తలుపు దగ్గర నా చెంగు పట్టుకున్నాడు.

"అక్కా," అన్నాడు, "పుస్తకంలో తిన్నవేగా రాస్తావు. ఇవాళ పూరీ తినలేదని కూడా రాయి."