ఒంటిచెవి బుద్ధుడు

చింతపండు పిప్పితో ఇత్తడి బుద్ధుడి వీపు రుద్దుతూ, పులుపు నీళ్లు కంట్లో చిందకుండా దాలమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. వీపయ్యాక మెడ, మెడయ్యాక జుట్టు ముడులు, చిట్టచివర చెవులు. బుడితి ఊళ్లో ఇత్తడి తోమేవాళ్లకి కరువు లేదు గానీ, గిరిబాబు కార్ఖానాలో బుద్ధుడి బొమ్మంటే దాలమ్మ చేతికే రావాలి. వేళ్లు నల్లబడి, గోళ్లు అరిగి, అరచేతులు అట్టకట్టుకుపోయాయి. కార్ఖానాలో అందరూ అక్క వరసన "అప్పా" అని పిలుస్తారు. మొగుడు పోయి ఏళ్లయింది, పిల్లల్లేరు. సాయంత్రం గది తాళం తీసి, "వచ్చీసినాను" అని గోడలకి చెప్పుకునే మనిషి.

చెవులు తోమేటప్పుడు మాత్రం ఆమె చెయ్యి నెమ్మదించేది. శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాలు చూసి ఇటొచ్చేవాళ్లకి గిరిబాబు చెప్పే మాట ఆమెకి కంఠతా వచ్చేసింది. రాజకుమారుడిగా బరువైన పోగులు పెట్టుకున్నాడు, అన్నీ తీసేసి వెళ్లిపోయాడు, సాగిన చెవులు మాత్రం సాగినట్టే మిగిలాయి. దాలమ్మ చెవులూ అంతే. మొగుడి పదోనాడు కమ్మలు తీయించేశారు. తమ్మెలు వేలాడుతూ ఉండిపోయాయి. బుద్ధుడు కావాలని తీశాడు, తనకి తీయించారు. తేడా అంతే అనుకునేది. ఆ తేడాకి కడుపు మండేది కూడా.

ఇప్పుడు ఒళ్లో ఉన్న బొమ్మకి ఎడమ చెవి లేదు. పోత పోసినప్పుడు లోహం అక్కడిదాకా పారలేదు. చాలాకాలంగా మూలన పడుంది, కొన్న నాథుడు లేడు. పొద్దున్నే గిరిబాబు వచ్చి, "అప్పా, ఆ ఒంటిచెవోడ్ని మజ్జానం కరిగించీమని ఎర్రన్నకి సెప్పీసినాను. ఆర్డరుకి ఇత్తడి సాల్లేదు" అన్నాడు. దాలమ్మ బొమ్మని తెచ్చుకుని తోమడానికి కూర్చుంది.

కొలిమి దగ్గర బొగ్గులు ఎగదోస్తున్న ఎర్రన్న అది చూసి పగలబడి నవ్వాడు. నోటికి హద్దూ పద్దూ లేని మనిషి.

"మూసలోకెల్లి కరిగిపోయే బొమ్మకి సింగారమేటప్పా? సింతపండు దండగ!"

"మాసిన మొకంతో పంపుతారేట్రా ఎవుల్నైనా? కాట్లోకెల్లే మనిసికి నీలు పొయ్యరా?" అంది దాలమ్మ. పిప్పి మళ్లీ చేతిలోకి తీసుకుంటూ, "నాకెవులు పోస్తారో మరి" అని పైకే అనేసింది.

ఎర్రన్న నవ్వు ఆగిపోయింది. మళ్లీ బొగ్గులవైపు తిరిగాడు.

ఆమెకున్న భయమల్లా అదే. చావంటే కాదు. కిందటేడు వీధి చివర ఒంటరి ముసలమ్మని కట్టుకున్న కోకతోనే మోసుకుపోయారు. చెంబుడు నీళ్లు పోసిన దిక్కులేదు. అప్పట్నుంచీ దాలమ్మకి సరిగా నిద్ర లేదు.

తోమడం అయ్యాక బొమ్మని మంచినీళ్లతో కడిగింది. మడతల్లో తడి ఉంటే చిలుము పట్టేస్తుంది. పాత కోక గుడ్డ కొసని సన్నగా మెలిపెట్టి, రెప్పల కింద, వేళ్ల సందుల్లో, ఉన్న ఒక్క చెవి వెనకా తడి లాగేసింది. కాసేపట్లో కరిగిపోయే బొమ్మకి చిలుమేమిటని ఆమెకి తోచనేలేదు. చెవి లేనిచోట గరుకుని బొటనవేలితో నిమిరి, "ఎల్లు నాయినా" అంది. బొమ్మని కొలిమి పక్కన పెట్టి, నడుం వాల్చడానికి చావిట్లోకి వెళ్లింది.

అన్నానికి పిలవబోయిన ఎర్రన్న గుమ్మంలోనే నిలబడిపోయాడు. దాలమ్మ కుడివైపు తిరిగి, చెయ్యి తలకింద పెట్టుకుని పడుకునుంది. ఊపిరి లేదు.

అతను ఇంటికి పరిగెత్తి భార్య మరిడమ్మని తీసుకొచ్చాడు. కార్ఖానా నూతి చప్టా చుట్టూ కోకలు అడ్డం కట్టి, మరిడమ్మ అప్పకి వేణ్నీళ్లు పోసింది. పసుపు కలుపుతుంటే పొరుగావిడ, "మొగుడు పోయినదానికి పసుపేటే?" అంది.

"మా అప్ప ఒల్లు, నా సేతులు. నీకేటి?" అంది మరిడమ్మ. వేళ్ల సందుల్లో, మెడ మడతల్లో, సాగిన తమ్మెల వెనకా తీరిగ్గా రాసింది. అవతల ఎర్రన్న గోడవైపు తిరిగి ఏడ్చాడు.

మర్నాడు కొలిమి మళ్లీ వెలిగింది. బొమ్మ కరిగిపోయింది, ఆర్డరు ఆర్డరే. నూతి చప్టా మీద పసుపు గిన్నె ఇంకా అక్కడే ఉంది, అడుగంటా ఊడ్చేసి, లోపల నాలుగు వేళ్ల జాడతో.