ముందు చక్రం దగ్గర ఇద్దరు కోడళ్ళు

శనివారం మధ్యాహ్నం పంక్చరైన కారు ముందు చక్రాన్ని విప్పబోతుంటే రెండో నట్టు దగ్గర టక్కుమని చప్పుడైంది. స్పానర్ ఒక్కసారిగా తేలికైపోయింది. చిన్నకోడలి చేతిలోకి నట్టుతోపాటు దాన్ని పట్టుకుని ఉండే స్టడ్డు ముక్క కూడా ఊడి వచ్చింది. పోనీ ఒక్కటే కదా అనుకుని మూడోదాని మీద బలం పెట్టింది. అదీ అంతే అయింది. చక్రాన్ని పట్టి ఉంచేవి నాలుగు స్టడ్లు, వాటిలో రెండు పోయాయి.

ఆమె నర్సు. మంచం దిగలేని వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కట్లు మార్చడం, ఇంజెక్షన్లు ఇవ్వడం ఆమె పని. సోమవారం ఉదయం ఏడింటికి ఊరి చివర ఉండే ముసలి వడ్రంగి కాలి పుండుకు కట్టు మార్చాలి. ఆయన షుగరు మనిషి. రెండు నెలలు కష్టపడితే ఇప్పుడిప్పుడే ఆ పుండు మానుముఖం పట్టింది. అటువైపు బస్సు లేదు.

మెకానిక్కుకు ఫోను చేసింది. "మంగళవారం దాకా నాకు కుదరదమ్మా. ఆ రెండు నట్ల మీద బండి కదిలించారంటే చక్రం ఊడిపోతుంది" అన్నాడతను.

"నేనే వేసుకుంటే?"

"మీ వల్ల కాదులెండి."

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. "అవుతుందో కాదో తర్వాత చూద్దాం. ముందు ఎలా వెయ్యాలో చెప్పండి" అని కాగితం, పెన్ను తీసుకుంది. అతను విసుక్కుంటూనే చెప్పాడు. పావుగంటలో కాగితం రెండువైపులా నిండింది.

శిక్షణ కోసం వేరే ఊళ్ళో ఉన్న భర్త సాయంత్రం ఫోనులో, "సాయానికి ఎవరూ లేకుండా ఎందుకీ తలనొప్పి? నేనొచ్చేదాకా ఆగు" అన్నాడు.

"మీరొచ్చేది శుక్రవారం. పుండు శుక్రవారం దాకా ఆగదు" అని పెట్టేసింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. కారు నిలిచిపోయింది సరిగ్గా పెద్దకోడలి గుమ్మం ముందు. ఆమె కింది వాటాలో బట్టలు కుడుతుంది. కారు అడ్డం వల్ల కుట్టించుకునేవాళ్ళు గుమ్మంలోకి రాలేకపోతున్నారని మూడు వారాల క్రితం తోడికోడళ్ళిద్దరూ గట్టిగానే మాటామాటా అనుకున్నారు. అప్పటినుంచి మాటల్లేవు. ఏదైనా చెప్పాల్సి వస్తే అత్తగారి ద్వారానే చెప్పుకునేవారు.

ఆదివారం పొద్దున్నే చిన్నకోడలు పని మొదలుపెట్టింది. హ్యాండ్ బ్రేకు లాగి, వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, జాకీతో కారెత్తి చక్రం తీసింది. జాకీని నమ్ముకోకుండా విప్పిన చక్రాన్నే కారు కిందికి తోసింది. అరుగు మీద అత్తగారు కాఫీ తాగుతూ కూర్చుంది. తలుపు తీసుకుని పెద్దకోడలు బయటికొచ్చింది. మెడలో టేపు, నోట్లో గుండుసూది. సూది తీసి జాకెట్టుకు గుచ్చుకుంది.

"రేపటికి నా గుమ్మం ఖాళీ అవుతుందా అత్తయ్యా? ఏమైనా కావాలేమో అడగండి."

"ఏమైనా కావాలా అని అడుగుతోంది" అంది అత్తగారు.

"సుత్తి. బ్రేకు దిమ్మను వేలాడగట్టడానికి గట్టి గుడ్డ."

"సుత్తంట, గుడ్డంట. ఎదురెదురుగా నిలబడి నాతో ఈ పోస్టాఫీసు పనేమిటర్రా. నా కాఫీ చల్లారిపోతోంది" అని ఆవిడ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇద్దరే మిగిలారు. పెద్దకోడలు సుత్తి, సంచులకు కుట్టే నాడా తెచ్చి ఇచ్చింది. చిన్నకోడలు బ్రేకు దిమ్మ విప్పి, దాని గొట్టం మీద బరువు పడకుండా నాడాతో స్ప్రింగుకు కట్టింది. దాని వెనక ఉండే పళ్ళెంలాంటి డిస్కు లాగేసింది. విరిగిన మొదటి స్టడ్డు నాలుగు దెబ్బలకే వెనక్కి ఊడిపడింది. రెండోది పదిహేను దెబ్బలకూ కదల్లేదు. మణికట్టు లాగుతోంది. ఆమె మోచేత్తో చెమట తుడుచుకుని మళ్ళీ సుత్తి ఎత్తింది.

"ఆగు" అంది పెద్దకోడలు. కుట్టుమిషను నూనె తెచ్చి స్టడ్డు చుట్టూ నాలుగు చుక్కలు వేసింది. "నాననివ్వు. పట్టేసిన మిషన్ని కొడితే ఇంకా బిగుసుకుంటుంది."

పావుగంట తర్వాత అదీ వచ్చింది. తుప్పు పట్టిన ముక్కను రుమాల్లో చుట్టుకుని చిన్నకోడలు విడిభాగాల షాపుకు బయల్దేరింది. "నాకు దారం ఉండలు కావాలి" అంటూ పెద్దకోడలు వెంట నడిచింది. దారం షాపు ఉన్నది ఇంకో వీధిలో. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

షాపాయన రుమాలు వంక చూసి, "ఇంట్లో మగవాళ్ళని పంపండమ్మా. సైజు తేడా వస్తే మళ్ళీ తిరగాలి" అంటూ ఒక స్టడ్డు బల్ల మీద పెట్టాడు. పెద్దకోడలు పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన నిలబెట్టింది. మెడలోని టేపు తీసి, గీతలున్న చోట రెండింటికీ చుట్టి చూసింది.

"ఇది మెడ దగ్గర లూజండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, వేరే డబ్బా దించాడు.

"నాలుగు ఇవ్వండి. నట్లు కూడా" అంది చిన్నకోడలు.

"విరిగింది రెండేగా?" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు పాత ముక్కను మళ్ళీ రుమాల్లో చుట్టింది. "వీటిని విరగ్గొట్టింది నేనే అక్కా. పోయినేడు ఒకసారి నట్టు వదులైందని భయపడ్డాను. అప్పటినుంచి వారం వారం స్పానర్ మీదెక్కి నిలబడి బిగించాను. నిన్న మీరంతా, పోయినసారి చక్రం బిగించిన పంక్చరు షాపువాణ్ణి తిడుతుంటే నోరు మెదపలేదు. మిగతా రెండూ అంతే బిగింపు తిన్నాయి. వాటిని నమ్మి రోడ్డెక్కలేను."

పెద్దకోడలు బల్ల వైపు తిరిగింది. "నాలుగు ఇవ్వండి" అంది షాపాయనతో.

ఆయన లోపలినుంచి పొడుగాటి స్పానర్ ఒకటి తెచ్చాడు. "ఎంత బిగించాలో దీంట్లో అంకె పెట్టి ఇస్తాను. టక్కుమనగానే ఆపెయ్యాలి. సాయంత్రంలోగా తెచ్చివ్వండి."

ఇంటికొచ్చాక మిగిలిన రెండు పాత స్టడ్లనూ కొట్టి తీశారు. కొత్తది వెనకనుంచి దూర్చాలంటే, వెనక రేకులో సందున్న చోటికి, స్టడ్లు కూర్చునే హబ్బును తిప్పుకోవాలి. బండేమో గేరులో ఉంది, హబ్బు తిరగదు.

"అక్కా, లోపల కూర్చుని గేరు తీసెయ్. ఎడమ చివరిది క్లచ్, దాన్ని తొక్కు. పక్కనున్న బ్రేకు మీద మాత్రం కాలు పెట్టకు. దిమ్మ విప్పేసి ఉంది, తొక్కితే దాని పిస్టన్ బయటికొచ్చేస్తుంది."

కారు నడపడం తెలియని పెద్దకోడలు చెప్పులు బయట విడిచి సీట్లో కూర్చుంది. కుడికాలు పైకెత్తి ఒళ్ళోకి మడిచేసుకుంది. "ఇంక పొరపాటుకు కూడా తొక్కను" అంది. చిన్నకోడలికి నవ్వాగలేదు.

స్టడ్డు దూర్చి, దానికి ముందునుంచి వాషర్లు తొడిగి, నట్టును తిరగేసి బిగిస్తే స్టడ్డు తనంతట తానే లోపలికి లాక్కుంటూ వస్తుంది. కాగితం మీద అలాగే రాసి ఉంది. హబ్బు తిరిగిపోకుండా పెద్దకోడలు పక్క రంధ్రంలోనో, ఎక్కిన స్టడ్ల మధ్యో ఇనుపకడ్డీ పెట్టి కాలితో అదిమి పట్టింది. ఒకటి కూర్చుంది. రెండోదీ కూర్చుంది. మూడోది బిగిశాక పెద్దకోడలు వెనక్కి చెయ్యి పోనిచ్చి తడిమింది.

"ఇటుపక్క సందుంది. గోరు దూరుతోంది."

చిన్నకోడలు స్పానర్ కింద పెట్టేసింది. మధ్యాహ్నం దాటింది, పొద్దుటినుంచి ఏమీ తినలేదు. "చక్రం ఎక్కించి బిగిస్తే అదే సర్దుకుంటుందిలే."

"రేపు దాని మీద వెళ్ళేది నువ్వు. కుట్టు వంకరపోతే నేను విప్పుతానే కానీ ఇస్త్రీ చేసి ఇవ్వను."

చిన్నకోడలు నట్టు వెనక్కి తిప్పేసింది. తర్వాత సుత్తి అందుకుని దాన్ని కొట్టి తీసేసింది. ఈసారి సగం సగం తిప్పుతూ, ప్రతి తిప్పుకూ వెనక తడుముతూ లాగారు. తిన్నగా కూర్చుంది. నాలుగోది పూర్తయ్యేసరికి అత్తగారు పళ్ళెంలో అన్నం కలిపి తెచ్చి, ఇద్దరి చేతులూ నల్లగా ఉండటం చూసి తనే ముద్దలు పెట్టింది.

డిస్కు, బ్రేకు దిమ్మ, స్టెప్నీ చక్రం వరసగా ఎక్కాయి. నట్లను ఎదురెదురుగా జత చూసుకుంటూ బిగించింది. బండి దించాక పొడుగాటి స్పానర్ పెట్టింది. టక్కుమంది. అలవాటుగా ఇంకాస్త నొక్కబోయింది కానీ ఆగింది. నాలుగూ అయ్యాక బ్రేకును నాలుగైదుసార్లు తొక్కి, అది గట్టిపడ్డాకే తాళం తిప్పింది. పెద్దకోడలు పక్క సీట్లో కూర్చుని, అద్దం దించి, చక్రం వైపు చెవి పెట్టింది. స్పానర్ ఇచ్చి రావడానికి ఊరి చుట్టూ తిరిగి వెళ్ళారు. చప్పుడేమీ లేదు.

షాపాయన తనే వంగి నాలుగు నట్లకూ స్పానర్ పెట్టి చూశాడు. నాలుగూ టక్కుమన్నాయి. "ఎవరు వేశారు?" అన్నాడు.

"మేమే" అంది పెద్దకోడలు.

సోమవారం ఏడుకు ఐదు నిమిషాల ముందే చిన్నకోడలు వడ్రంగి ఇంటి ముందు ఆగింది. గోళ్ళ సందుల్లో మసి ఇంకా పోలేదు. మూడుసార్లు సబ్బుతో కడుక్కుని గ్లవుజులు తొడుక్కుంది. పాత కట్టు విప్పి చూస్తే పుండు అంచులు గులాబిరంగులో, పొడిగా ఉన్నాయి.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు ముసలాయన.

"బాగా మానుతోంది తాతా. బుధవారం మళ్ళీ వస్తాను" అంది.