తలుపు కింద నుంచి వచ్చిన బక్కోడు

ముందే క్షమించమంటున్నాను. ఒత్తులు తప్పుతాను, నెమ్మదిగా రాస్తాను. మా ఆయన పోయాక మనవరాలు పక్కన కూర్చోబెట్టుకుని దిద్దించిన అక్షరాలివి.

మనవరాలు బొమ్మల కథ గీస్తుంది. అందులో బక్కోడని ఒకడు. గిన్నె మూతే డాలుగా పట్టుకుని రాక్షసులుండే నేలమాళిగల్లోకి దిగుతుంటాడు. కత్తి ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి, అప్పుడు మూత జారిపోతుంది. అంతటి వీరుడు. మాటలు తను కాగితం అంచున పెన్సిలుతో రాసిస్తే, బొమ్మల నోటి పక్కన గీసిన బుడగల్లో సిరాతో నేను దిద్దుతాను. "నీ అక్షరాలు రాతిమీద చెక్కినట్టుంటాయి నానమ్మా" అని ఆ పని నాకిచ్చింది.

ఆ పొద్దున మా అబ్బాయి, "చదువు మానేసి ఈ బొమ్మలేంటి, అన్నం పెడతాయా?" అని అరిచి, చేతికందిన కాగితం చింపేశాడు. బక్కోడు బయటపడే దారి అందులోనే ఉంది. పిల్ల గదిలోకెళ్ళి గడియ పెట్టుకుంది. మావాడిది తాళాలు బాగుచేసే కొట్టు. ఊరందరి తాళాలూ తీసేవాడు ఇంట్లో గడియ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మధ్యాహ్నం దాటింది. గడప దగ్గర పెట్టిన కంచం చల్లారిపోయింది. అంతలో తలుపు కింద నుంచి ఒక కాగితం జారింది. బక్కోడు ఇరుకు బొరియలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఉన్నాడు. బయట రాక్షసుడు, అచ్చం మావాడి మీసాలతో. పైన వెలుగొచ్చే కన్నం కూడా పూడిపోయింది. బుడగలు రెండు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అంచున బక్కోడి మాట ఒక్కటే: "నాకు భయంగా ఉంది."

నా అక్షరాలు పట్టాలి కదా, పెద్ద బుడగలో రాసి లోపలికి తోశాను.

లోపల కిసుక్కుమన్న చప్పుడు. "నానమ్మా! అది రాక్షసుడి బుడగ. తోక వాడి నోటివైపుంది, చూడలేదా?"

"సిరా కారిందనుకున్నానే."

"రాక్షసుడికి భయమేంటి?"

"ఎందుకుండదు? వాణ్ణి కన్నది నేను. చిన్నప్పుడు చీకటి పడితే చాలు, నా కొంగు పట్టుకుని ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. నువ్వేమైపోతావోనని ఇప్పుడూ అదే అరుపు."

మెట్ల మీద కూర్చున్న మావాడు, "అమ్మా, ఇక ఊరుకో" అన్నాడు.

చెడగొట్టానేమో అనుకున్నాను. చాలాసేపటికి ఇంకో కాగితం వచ్చింది. అదే బొరియ, ఇంకా ఇరుగ్గా. రాక్షసుడి బుడగ ఖాళీ. ఈసారి తోక లావుగా గీసింది. అంచున మాటేం లేదు.

తీసుకెళ్ళి మావాడి చేతిలో పెట్టాను.

"ఏం రాయమంటావు?"

"నాకేం తెలుసురా? బుడగ నీది."

చేతికంటిన నూనె చొక్కాకి తుడుచుకుని, వంగి రాశాడు: "ఈ గడియకి నా దగ్గర తాళంచెవి లేదు." తనే నేలమీద బోర్లా పడి లోపలికి తోశాడు.

గడియ కిర్రుమంది. సగం దాకా వచ్చి ఆగింది. మిగతా సగం కోసం ఇద్దరం అక్కడే కూర్చున్నాం.

రాసింది బండక్షరాల నానమ్మ, పిల్ల పెట్టిన పేరే. వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడుంటున్నది తాళాల కొట్టు పైవాటాలో, ఆ తలుపుకి ఎదురుగదిలో.