కుంపటక్క చెయ్యి తీసిన రోజు

కరెంటు కేంద్రంలో పొద్దుటి షిఫ్టు వాళ్లు లోపలికి వెళ్తూ వెళ్తూ తమ క్యారేజీలు కేంటీన్లో కుంపటక్క ఒళ్లో పెట్టి పోయేవారు. ఆవిడ చెయ్యి వేసి ఉంచినంతసేపు ఏదీ చల్లారదు. మధ్యాహ్నం వచ్చి మూత తీస్తే అప్పుడే పొయ్యి మీంచి దించినట్టు పొగలు. "అక్కా, కాస్త నాది కూడా చూడు" అనడమే గానీ ఇదెలా అని ఎవరూ అడగలేదు. కొందరికి పాట వస్తుంది, కొందరికి లెక్కలు వస్తాయి. ఆవిడ చేతులంతే.

బొగ్గు రావడం తగ్గిన ఏడాది పెద్ద ఇంజనీరు కేంటీనుకొచ్చి ఆవిడ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మనం తగలేసే బొగ్గులో మూడో వంతే కరెంటవుతుందక్కా. మిగతా వేడంతా పొగతో గాలికీ, నీళ్లతో ఏటికీ పోతుంది. ఆ పోయేదాన్ని నువ్వు కాస్త ఆపగలవా? బొగ్గొచ్చేదాకానే."

దానికేం భాగ్యం అనుకుని, చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఆయన చూపించిన లావుపాటి గొట్టం మీద అరచెయ్యి ఆనించింది. ఏటికి పోవాల్సిన వేడి లోపలే నిలిచిపోయింది. పిసరంత బొగ్గుతో ఊరంతా వెలిగింది.

మొదట్లో రోజూ ఇంటికెళ్లేది. తర్వాత గొట్టం పక్కన కుర్చీ వేశారు. ఆ తర్వాత మంచం వేశారు. నిద్రలో చెయ్యి జారిపోకుండా మెత్తటి గుడ్డతో కట్టుకున్నది మాత్రం ఆవిడే. ఎందుకంటే చెయ్యి తీస్తే ఊరు ఆగిపోయేది. తుమ్మొచ్చి చెయ్యి కదిలితే వీధి వీధంతా ఫ్యాన్లు నిలబడిపోయేవి. మొహం కడుక్కోవడానికి లేచిన పూట లిఫ్టులో ఎవరో ముసలాయన ఇరుక్కుపోయి కేకలు పెట్టాడని తెలిసి, మళ్లీ లేవలేదు.

పోనీ కొన్నాళ్లకి తెరిపి దొరికిందా అంటే, అదీ లేదు. కరెంటుకి కొదవ లేదని తెలిసేసరికి ఊళ్లో మేడల మీద మేడలు లేచాయి, పగలు కూడా బోర్డులు వెలిగాయి. ఆవిడ మిగిల్చిన వేడి మిగలనేలేదు. ఇక అంత బొగ్గు ఎందుకని గనిలో సగం మూసేశారు. గది తలుపుకి తాళం ఎప్పుడూ వెయ్యలేదు. వెయ్యాల్సిన పని లేకపోయింది.

భర్త టైలరు. ఆదివారాలు వచ్చి పక్కన కూర్చుని ఊరి కబుర్లు చెప్పేవాడు. ఈమధ్య రావడం మానేశాడు. ఒక మధ్యాహ్నం కూతురొక్కతే వచ్చింది, మెడదాకా స్వెట్టరు గుండీలు పెట్టుకుని.

"నాన్నేడే?"

"పడుకున్నాడమ్మా."

"ఈ వేళప్పుడా?"

ఆవిడ పిల్లని దగ్గరికి లాక్కుని బుగ్గ మీద రెండో చెయ్యి వేస్తే మంచుముక్కలా తగిలింది.

"ఇంట్లో అంతా ఇంతేనమ్మా. పొయ్యి మీద నీళ్లు మరగవు. నాన్నకి ఎన్ని దుప్పట్లు కప్పినా వణుకే. సూది కూడా పట్టుకోలేకపోతున్నాడు. నీకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు."

ఆవిడ ఇంజనీరుకి కబురు పెట్టింది. ఆయన వచ్చి, పిల్లని చూసి, తల దించుకున్నాడు.

"మీకు ముందే తెలుసా?"

"వేడి ఊరికే పుట్టదక్కా. ఎక్కణ్ణుంచో వస్తుందని తెలుసు. ఎక్కణ్ణుంచో నేను వెతకలేదు."

"ఆస్పత్రికి సరిపడా బొగ్గుందా?"

"ఆస్పత్రికైతే ఉంది."

"అయితే దానికే ఇవ్వండి. లిఫ్టుల్లో ఉన్నవాళ్లని దిగిపొమ్మని ఫోన్లు చెయ్యండి. అందరూ దిగేదాకా ఉంటాను."

"ఊరు నన్ను బతకనివ్వదక్కా."

"నన్ను బతకనిచ్చిందా?"

ఆయన ఫోను అందుకున్నాడు.

అందరూ దిగారన్నాక ఆవిడ గుడ్డ ముడి విప్పి చెయ్యి తీసింది. మోచెయ్యి వంగినది వంగినట్టే ఉండిపోయింది. ఎక్కడో పెద్ద చక్రం మూలిగి నెమ్మదించింది. కూతురి భుజం పట్టుకుని, దుకాణాల ముందు నిలబడ్డ జనం మధ్యనుంచి నడిచి వెళ్లింది. ఒకప్పుడు క్యారేజీలు ఇచ్చినవాళ్లు కూడా మొహం తిప్పుకున్నారు.

ఇంట్లో భర్త గోడవైపు తిరిగి ముడుచుకుని ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి. "ఎందుకొచ్చావు, లైట్లు పోతాయి" అన్నాడు.

"పోయాయి లెండి" అంటూ పక్కన కూర్చుని ఆయన రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. తన వేడి ఆయనలోకి వెళ్లిపోవడం తెలుస్తూనే ఉంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి దాన్ని ఆపలేదు, పోనిచ్చింది.

సాయంత్రం కాకముందే ఇంజనీరు మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చాడు. "కింద జనం ఊరుకోవట్లేదక్కా, ఒక్క వారం రా" అంటూ ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అది అందరి చెయ్యిలాగే ఉంది. తన చెయ్యికంటే కాస్త చల్లగానే ఉంది.

"ఇప్పుడు వాళ్లకేం చెప్పను?"

"ఉన్నది ఇంతేనని చెప్పండి."

ఆయన గుమ్మంలో చెప్పులేసుకుని దిగి వెళ్లాడు. ఆవిడ వెనకాల మంచం కిర్రుమంది.

"ఏమోయ్," అన్నాడు భర్త, దుప్పట్లు ఒక్కొక్కటీ కాళ్లతో తోసేస్తూ, "ఆ కిటికీ తెరువు కాస్త. ఉక్కపోసి చస్తున్నాను."