పులిమెట్ట వాగుల పటం

విజయేందర్ రవళి మెడలోని ఐడీ కార్డు పట్టి లాగాడు. తాడు తెగింది. అమీర్‌పేటలో మూడో అంతస్తు అది. మిగతా ఇరవై ఇద్దరం కంప్యూటర్ల ముందు కూర్చుని చూశాం. ఒక్కరూ లేవలేదు. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

మేం కొండల పటాలు గీసే కూలీలం. ఉపగ్రహం తీసిన బొమ్మ మీద ఒకే ఎత్తున్న చోట్లన్నీ కలిపి గీతలు గీస్తాం. వాగులకు నీలం వేస్తాం. విజయేందర్ మా కాంట్రాక్టరు. ఆ వారం వచ్చింది తూర్పు కనుమల్లోని పులిమెట్ట. దాన్ని తవ్వడానికి ఒక కంపెనీ కాచుకుని ఉంది. ఏడాది పొడుగునా పారే వాగులుంటే అనుమతి రాదట. అందుకని ఏడు వాగులూ చెరిపెయ్యమన్నాడు.

"సార్, ఆ నాలుగో వాగు నీళ్లే మా అమ్మ తాగేది," అంది రవళి. అదీ ఆమె నేరం. అక్కడికక్కడే పనిలోంచి తీసేశాడు.

ఆమె కుర్చీలో మాలోని భార్గవ్ కూర్చున్నాడు. పావుగంటలో నీలిగీతలన్నీ తీసేసి కాలరెగరేశాడు. సాయంత్రానికి కంపెనీ పటాన్ని తిప్పి పంపింది. నీలం పోయినా ఎత్తుగీతలు పోలేదు కదా! వాగు దగ్గరకు రాగానే ప్రతి గీతా శిఖరం వైపు వంగి మళ్లీ దిగుతుంది. ఆ వంపులు చూస్తే ఇక్కడ నీరు పారుతోందని పని తెలిసినవాడెవడైనా చెప్పేస్తాడు. వాటిని సాపు చెయ్యాలంటే కొండంతా మళ్లీ గీయాలి. దానికి మా అందరి చేతులూ కావాలి.

మర్నాడు డాబా మీద సద్దులు విప్పాం.

"ఇయ్యాల ఆమె కొండ, రేపు మనముండే బోరబండ," అన్నాడు మహేశ్. "గా ఊళ్లకు బొంద తవ్వెటోళ్లం మనమేనా?"

"నీకేం భాయ్, ఒక్కనివి. నాకిద్దరు పిల్లలు," అన్నాడు శివరాములు. సిరిసిల్లలో మగ్గం పోయి వచ్చినవాడు. "పొట్ట కోసం వచ్చినం. కొండలతోని మనకేం పని?"

"మగ్గం పోయిననాడు నీ దిక్కు ఎవరన్న నిలబడ్డరా అన్నా?" అని అడిగింది ప్రమోద.

శివరాములు కలిపిన ముద్ద గిన్నెలోనే వదిలేశాడు. "ఆ పటం ఒక్కరు ముట్టినా అందరం ఓడిపోతం," అన్నాడు. "ఎవ్వరు ముట్టద్దు." భార్గవ్ తల దించుకుని సరేనన్నాడు.

రెండింటికి ఇరవై రెండు మౌసులు ఆగిపోయాయి.

"పని చెయ్యండ్రి!" విజయేందర్ అరిచాడు.

"చెయ్యం."

"మీ జాగల మస్తుమంది దొరుకుతరు!"

ఆ సాయంత్రమే శివరాములు అసలు పటాన్ని రవళికి అందించాడు. ఆమె కొండ కింది ఊళ్లన్నిటికీ ఫోన్లో పంపింది.

మూడోనాడు పోలీసులు వచ్చారు. కంపెనీ సొత్తు దొంగిలించారంటూ, మమ్మల్ని కలవడానికి వచ్చిన రవళినీ, ఆమెతో కింద ఉన్న మహేశ్‌నూ జీపెక్కించారు. శివరాములు పరుగున దిగాడు. "పటం ఇచ్చింది నేను. నా పేరు సుత రాస్కోండ్రి!" అతన్ని లాఠీతో పొడిచి మరీ ఎక్కించారు.

విజయేందర్ అన్నంత పనీ చేశాడు. పంజాగుట్టలో నలభై మంది ఉన్న ఇంకో ఆఫీసుకు పులిమెట్టను అప్పజెప్పాడు. ఆ ముగ్గురికీ బెయిలు రాలేదు. మా గుండె జారిపోయిన మాట నిజం.

మిగిలిన ఇరవై మందిమీ ఆ ఆఫీసు గేటు ముందు నిలబడ్డాం. భోజనానికి దిగినవాళ్లకు పటం పరిచి చూపించాం. చాలామంది తప్పుకుని పోయారు. హరిణి అనే అమ్మాయి ఆగి నాలుగో వాగు దగ్గర వేలు పెట్టింది.

"ఈ ముక్క నాకే ఇచ్చారండీ. సగం సాపు చేసేశాను," అంది. "ఆఫీసులో ఇంకా ముప్పై తొమ్మిది మంది ఉన్నారు. రండి, వాళ్లకీ చెప్పండి."

వాచ్‌మన్ అడ్డం వచ్చాడు. ఆమే గేటు తెరిచింది. ఇరవై మందిమీ లోపలికి నడిచాం.