టైరు మీసాలు

అఖిల భయం ఒక్కటే. వానకు తడిసిన ఫ్లైఓవర్ మీద ఏదో ఒకరోజు బండి టైరు జారుతుంది, లేదంటే పేలుతుంది. ఆ బండిలో మొగుడుంటాడు. మొగుడి పక్కన బిడ్డ ఉంటుంది. రోగాలూ రొష్టులూ, కిరాయిల్లు ఖాళీ చెయ్యమనడాలూ అందరికీ ఉండే ఫికర్లే, వస్తే వాటితో ఎట్లనో వేగొచ్చు. ఈ ఒక్కదాని దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె ఆలోచన ఇంక అడుగు ముందుకు వెయ్యదు. అక్కడే నిలబడి చూస్తూ ఉంటుంది.

సాయిచంద్‌ది పికప్ బండి. లింగంపల్లి వెనకున్న ప్లాంటులో మంచినీళ్ల క్యాన్లు ఎక్కించుకుని, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, రాయదుర్గం దిక్కున్న ఆఫీసుల్లో దించుతాడు. మధ్యాహ్నం పూట మణికొండ అపార్ట్‌మెంట్లు. పొద్దున ప్లాంటుకు పోతూ పోతూ ఒకటో తరగతి చదివే వర్షితను బడి దగ్గర దింపుతాడు. ముందు సీట్లో తండ్రి పక్కన కూర్చోవడమంటే ఆ పిల్లకు బడికంటే ఇష్టం. మూలమలుపు దగ్గర హారన్ కొట్టే పని తనదేనని వాడకట్టంతటికీ చెప్పుకుంది.

వానాకాలం మొదట్లో ఒక ఆదివారం బండి కడుగుతూ అఖిల వెనక టైరు మీద చెయ్యి వేసింది. పుట్టెంట్రుకలు తీయించిన పిల్ల తల లెక్క నున్నగా ఉంది. గుర్తుకైనా ఒక్క గీత మిగల్లేదు. పక్క వైపు ఒకచోట రబ్బరు ఉబ్బి, దవడన బుక్కెడు అన్నం పెట్టుకున్నట్టుంది. ముందువి కాస్త నయం, కానీ వాటికీ ఎన్నాళ్లో లేదు.

తొమ్మిదిలో ఉండగా తల్లికి పక్షవాతం వస్తే, చిన్నవాళ్లను చూసుకోవడానికి అఖిల బడి మానేసింది. మళ్లీ పోలేదు. తెలియని సంగతి ఏదైనా ఇప్పుడు ఫోనులో అడుగుతుంది. వీడియోలో చెప్పేవాడి మాటలు అర్థమయ్యేదాకా మళ్లీ మళ్లీ వింటుంది. టైర్ల సంగతి కూడా అట్లనే విన్నది. ఆ ఫోనుతో ఒక తంటా ఉంది. టైర్ల గురించి ఒక్కటి చూస్తే చాలు, ఇక వరసబెట్టి పల్టీ కొట్టిన బండ్లే చూపిస్తుంది. వద్దనుకుంటూనే అవి కూడా చూసింది.

బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు దగ్గరపడింది. ఈ టైర్లతో పోతే ఆర్టీవో ఆఫీసు గేటు దగ్గరే వెనక్కి పంపుతారని, బాలానగర్ పోయి మార్పిస్తానని సాయిచంద్ అన్నప్పుడు అఖిలకు ప్రాణం లేచొచ్చింది. తనూ వస్తానంది. అతను తువ్వాలతో మొహం చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత నవ్వాడు.

"టైర్లు కొననీకి పెండ్లాన్ని తోలుకపోతె నవ్వుతరే."

"నవ్వనీ బావా. నవ్వితె గాలి పోదు గద."

మేనత్త కొడుకు అతను. చిన్నప్పటినుంచీ ఆమె మాటకు మాట చెప్తే కాదనలేడు.

దుకాణం రామబ్రహ్మం అనే ఆయనది. కోస్తా నుంచి వచ్చి బాలానగర్‌లో చాలా ఏళ్లుగా స్థిరపడ్డ మనిషి. అఖిలకు కుర్చీ వేయించి, టీ తెప్పించి, టైర్లు ఒక్కొక్కటే దొర్లించుకొచ్చి ముందు నిలబెట్టాడు. ఒకటి దిమ్మెలు దిమ్మెలుగా ఎత్తు బటన్లున్నది, మట్టికీ గుంతలకీ మొండిదన్నాడు. ఒకటి చుట్టూ నిలువు గీతలున్నది. ఇంకొకటి పాత టైరుకే కొత్త తోలు అతికించింది, వెనక చక్రాలకు చాలామంది అదే వేస్తారన్నాడు.

సాయిచంద్ బటన్ల టైరు మీద చెయ్యి వేసి, ఇది గట్టిది, లోడు ఆగుతుంది, చూడడానికి కూడా బండికి దర్జా అన్నాడు.

"మన బండి మట్ల యాడ తిరుగుతది బావా?" అంది అఖిల.

"ప్లాంటు గేటు కాడ లేదా మట్టి?"

"గా జానెడు మట్టికోసం దినమంత తారు మీద గిది ఏసుకొని తిరుగుతవా? వాన నీళ్లు పక్కకు పోవాలంటె గీతలుండాలె. బటన్లది తడి రోడ్డు మీద జారుతదంట."

"ఇగ స్టీరింగు గూడ నువ్వే పట్టు. నేను ఇంట్ల ఉండి బువ్వొండుత."

"ఒండనీకి వస్తే గద."

పక్కన పంచర్ వేస్తున్నవాళ్లు నవ్వారు. రామబ్రహ్మం మాత్రం నవ్వలేదు. చెల్లెమ్మ చెప్పింది నిజమేనండీ, తారు రోడ్డుకి గీతల టైరే పద్ధతి అన్నాడు. అతికించిన తోలుదాని మాట అఖిల ఎత్తనివ్వలేదు. గీతల టైర్లు నాలుగూ దగ్గరికి తెప్పించుకుని, గీతల్లో వేలు పెట్టి లోతు చూసింది, ఎక్కడైనా ఉబ్బు ఉందా అని చుట్టూ తడిమింది. పెళ్లిచీర కూడా ఆమె ఏరుకున్నది కాదు, అత్త ఏరింది. ఇంత పెద్ద వస్తువును తన చేత్తో తాను ఏరుకోవడం ఇదే మొదలు.

"ఇవి," అంది.

రామబ్రహ్మం సాయిచంద్ మొహం చూశాడు. సాయిచంద్ నేల చూశాడు. ఆ చూపులు అఖిల కంట్లో పడ్డాయి గానీ, పడ్డ సంగతి ఆమెకు అప్పుడు తెలియలేదు.

బండి ఇంటికొచ్చేసరికి అత్త సక్కుబాయి పసుపు కుంకుమ పళ్లెంతో ఎదురొచ్చింది. వర్షిత పరుగెత్తుకొచ్చి టైరు దగ్గర గొంతుక్కూర్చుంది. కొత్త టైరుకు ఒంటినిండా సన్న రబ్బరు పోగులుంటాయి గదా, అవి పట్టి లాగింది.

"డాడీ, టైరుకు మీసాలొచ్చినయే!"

సాయిచంద్ బిడ్డ మీద ఎప్పుడూ గొంతెత్తని మనిషి. ఆ పొద్దు మాత్రం ఊడబీకొద్దని కసిరాడు. బొట్లు కూడా వద్దన్నాడు, రేపు ఆఫీసరు చూస్తాడన్నాడు. బిడ్డ మొహం చిన్నబోయింది. అఖిలే సముదాయించి, ఫిట్‌నెస్ కాగానే మీసాలన్నీ నీవే అని మాటిచ్చింది. ఎవరూ చూడకుండా ఒక్క టైరుకు లోపలి దిక్కు చిటికెడు పసుపు రాసింది. ఆ రాత్రి చాలారోజుల తర్వాత ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది.

మర్నాడు ఫిట్‌నెస్ అయిపోయిందని ఫోను చేసి చెప్పాడు. ఇంటికి వచ్చేసరికి బిడ్డ నిద్రపోయింది. ఆ తెల్లారి మబ్బు పట్టి ఉంది. బడి బట్టలు వేసుకుని, జడ సగం అల్లించుకుని వర్షిత బండి దగ్గరికి ఉరికింది. స్నేహితురాలికి మీసం తెచ్చిస్తానని మాటిచ్చిందట.

"అమ్మా, మీసాలు లెవ్వు."

అఖిల చేతిలో టిఫిన్ డబ్బా ఉంది. డాడీ గీకిండేమో అని నవ్వుతూనే వచ్చింది. వచ్చి చూసింది. దవడన అన్నం ముద్ద పెట్టుకున్న టైరు అక్కడే, దాని చోట్లోనే ఉంది. అయినా నమ్మక వంగి అరచెయ్యి వేసింది. చెయ్యి ఎక్కడా ఆగలేదు.

సాయిచంద్ నల్లా దగ్గర పళ్లు తోముకుంటున్నాడు. అబద్ధమాడలేదు. నోరు పుక్కిలించి, అక్కడినుంచే చెప్పాడు. ఫిట్‌నెస్‌కు కొత్త టైర్లు ఆ దుకాణంలోనే కిరాయికిస్తారని, పని కాగానే తిరిగి ఇచ్చేసి పాతవి ఎక్కించుకోవాలని, బండ్లోళ్లు చాలామంది చేసే పనే అని. సక్కుబాయి కూడా కొడుకును వెనకేసుకొచ్చింది. మీ మామ ఆటోకు గూడ గట్లనే చేసెటోడు బిడ్డా, ఏమైంది, ఏం గాలె అంది. ఆఫీసులు ఒక్కొక్కటే నీళ్ల మిషన్లు పెట్టుకుంటున్నాయని, క్యాన్లు సగానికి పడిపోయాయని, ఈ టైముల కొత్తవి ఎక్కడినుంచి తేవాలని అతనన్నాడు. అఖిలకు అది తెలియనిది కాదు.

"మరి నన్నెందుకు తోలుకపోయినవ్ బావా?"

"నువ్వే వస్తనంటివి."

అతను తువ్వాల భుజం మీద వేసుకుని దగ్గరికొచ్చాడు.

"నువ్వు ఒక్కొక్క టైరు ఒత్తి ఒత్తి చూస్తుంటె చెప్పబుద్ధి గాలె. ఒక్క రాత్రన్న మంచిగ పంటవనుకున్న. పన్నవ్ గద?"

అరిచి ఉంటే బాగుండేది. తిరిగి అరవడానికి ఆమెకు సందు దొరికేది. ఇట్లా మెత్తగా చెప్పేసరికి ఆ సందు కూడా మూసుకుపోయింది. కుర్చీ వేయించడం, టీ తెప్పించడం, నిజమేనండీ అనడం, అంతా ఒక పిచ్చిదాన్ని ఊరడించడమేనా? తను ఏరిన టైర్లు ఈపాటికి ఇంకెవరి బండికో ఎక్కి ఉంటాయి. అక్కడ కూడా ఏ పిల్లో మీసాలు పీకబోతే తండ్రి కసురుతాడు. లోపల దిక్కు పసుపు ఎవరిదని ఎవరూ అడగరు. ఆ టైర్లు గేటుదాకా పోతాయి, తిరిగి దుకాణానికి వస్తాయి. రోడ్డు మీద అరిగేది, వానలో జారేది మాత్రం ఇవే.

అంతలో వాన మొదలైంది. ముందు పెద్ద పెద్ద చినుకులు, ఆ తర్వాత దడి కట్టినట్టు. సాయిచంద్ గబగబా చొక్కా వేసుకుని బండెక్కాడు. వర్షిత అప్పటికే ముందు సీట్లో ఉంది. తండ్రి తాళం తిప్పగానే హారన్ కొట్టింది.

అఖిల వానలోనే పోయి తలుపు తీసింది.

"దిగు."

"ఎందుకు?"

"దిగు బిడ్డా. నడుసుకుంట పోదాం."

పిల్ల సీటును రెండు చేతులా పట్టుకుంది. ఆ చేతులు విడిపించి, ఎత్తుకుని దించి, కొంగు తలమీద కప్పింది. పిల్ల ఏడుపందుకుంది. సాయిచంద్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు.

"వానల నడిపిస్తవా?"

"నడిపిస్త."

"మెల్లగనే పోత అఖిలా. ఎన్నడన్న జోరుగ పోయిన్నా?"

ఆమె బిడ్డ తలమీద కొంగు సర్దింది. బిడ్డను దించుకోవడమంటే, ఈ బండి తిరిగి రాకపోవచ్చని మొగుడి ముందే ఒప్పుకోవడం. బిడ్డను దించుకున్నట్టు అతన్ని కూడా చెయ్యి పట్టి దించెయ్యాలని ఉంది. దించితే ఈ పొద్దు ప్లాంటువాళ్లు ఇంకో బండికి లోడు ఎత్తుతారు. రేపటినుంచి ఆ బండే వస్తుంది. ఇద్దరిలో ఒకరిని మాత్రమే దించుకునే స్తోమత ఆమెది. తలుపు పట్టుకుని అట్లనే నిలబడింది. అతను ఏదైనా అంటే బాగుండును, తిడితే బాగుండును అనుకుంది. సాయిచంద్ బిడ్డ కూర్చునే చోటు దిక్కు చూశాడు.

"తలుపు వెయ్యి అఖిలా," అన్నాడు. "సీటు తడుస్తున్నది."

వేసింది. బండి మలుపు దాకా పోయింది. అక్కడ హారన్ మోగలేదు.

ఆనాటినుంచి అఖిల బిడ్డను రోజూ నడిపించుకునే తీసుకుపోతుంది. పిల్ల కొన్నాళ్లు మారాం చేసి, తర్వాత అడగడం మానేసింది. సాయిచంద్ కూడా ఎక్కించుకుంటానని అనలేదు. టైర్ల మాట ఇంట్లో మళ్లీ రాలేదు. అతను మునుపటికంటే ఎక్కువ నవ్విస్తాడు, ఆమె నవ్వుతుంది. ఎండ కాసిన రోజు వంటపనీ ఇంటిపనీ నడుస్తాయి. వాన పడ్డ రోజు మాత్రం ఆమె పొయ్యి వెలిగించి, దేనికి వెలిగించిందో మరిచిపోతుంది. ఫోను చెయ్యడానికి భయం, స్టీరింగ్ వదిలి ఎత్తుతాడేమోనని. చెయ్యకుండా ఉండడానికి అంతకంటే భయం. ఫోను ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుంటుంది. దూరంగా ఏ బండి చప్పుడైనా, అది మలుపు తిరిగేదాకా లేవదు.

ఇవాళ కూడా వాన పడుతోంది. అఖిల గడప మీదే ఉంది.

మీరు ఆ అద్దాల ఆఫీసుల్లో పనిచేసేవాళ్లే అయితే ఒక్క మాట. ఇట్లాంటి పొద్దున మీ అంతస్తుకు నీళ్ల క్యాన్లు రాలేదనుకోండి. ఆలస్యమైందని ప్లాంటుకు ఫోను చేసి కోప్పడతారు గదా. అంతకంటే ముందు, క్యాన్లు తెచ్చే ఆ మనిషి ఎక్కడున్నాడో, బాగున్నాడో లేదో, ఒక్కసారి కనుక్కోండి.